సయాం దేశంలో వరసలు

థాయ్ భాష నేర్పే పుస్తకం ఏది తెరిచినా మొదటి మాట ‘సవద్దీ’. చివర మగవాళ్లు ‘ఖ్రప్’ అంటారు, ఆడవాళ్లం ‘ఖా’ అంటాం. బ్యాంకాక్ వచ్చిన కొత్తలో నేనూ అదే వల్లె వేశాను. తీరా చూస్తే మా సందులో పచ్చి బొప్పాయి దంచి అమ్మే ఆవిడా, ఎదురింటి ముసలాయనా ఎదురుపడితే ఆ మాటే అనుకోరు. ‘కిన్ ఖావ్ రూ యంగ్?’ అంటారు. బువ్వ తిన్నావేటి అని! మా శ్రీకాకుళం జిల్లా మందస బజారులో పొద్దున్నే వినబడే పలకరింపు ఇంత దూరంలో వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

మరి సవద్దీ ఎక్కడిది? మన ‘స్వస్తి’లోంచి వచ్చింది. చులాలొంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయంలో ఫ్రయా ఉపకిత్ సిల్పసాన్ అనే భాషాపండితుడు 1930ల్లో దాన్ని పలకరింపుగా మలిచాడు. 1943లో అప్పటి ప్రధాని ఫిబూన్ ప్రభుత్వం దేశమంతా అదే వాడాలంది. అంటే అది మన అమ్మమ్మల ఈడు మాట, అంతే.

పైనుంచి పేర్లు దిగిరావడం ఈ దేశంలో అప్పటికే ఉంది. వాటిలో నాకు బాగా నచ్చినవి నెలల పేర్లు. ఆగస్టు సింహాఖొమ్, సెప్టెంబరు కన్యాయొన్, అక్టోబరు తులాఖొమ్. అన్నీ మన రాశులే. చివర ‘ఖొమ్’ ఉంటే 31 రోజులు, ‘యొన్’ ఉంటే 30. 1889లో ఈ ఏర్పాటు చేసినవాడు దేవవంశ రాకుమారుడు, అప్పటి విదేశాంగ మంత్రి. పడమట బర్మా ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది, తూర్పున కంబోడియా, వియత్నాం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. వాళ్లతో వ్యవహారం నడపాలంటే సూర్యమానం లెక్క కావాలి, పేర్లు మాత్రం వాళ్లవి అక్కర్లేదు అనుకుని ఉంటాడని నా నమ్మకం. ఆగ్నేయాసియాలో వలస పాలన కిందకి పోని దేశం ఇదొక్కటే. ఆ తెలివి ఈ క్యాలెండరులోనూ కనబడుతుంది.

ఫిబూన్ మీద నాకు ఆ గౌరవం లేదు. 1939లో సయాం పేరు మార్చి థాయ్‌లాండ్ అన్నాడు. టోపీ పెట్టుకోమన్నాడు. ఆకువక్క మానమన్నాడు. ఉద్దానం తోటల్లో ఆకువక్క చేతిలో పెట్టనిదే మాట మొదలుపెట్టని ముసలమ్మల మధ్య పెరిగినదాన్ని, ఆ సంగతి చదివినప్పుడు ఇక్కడి ముసలమ్మల మీద జాలేసింది. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం ఈ తీరాన దిగినప్పుడు, కొద్ది గంటలు పోరాడాక దారి వదిలిందీ ఆయన ప్రభుత్వమే. ఆ దారినే జపానువాళ్లు బర్మాలోకి వెళ్లారు. 1942 మార్చిలో రంగూన్, మనవాళ్ల మాటలో రంగం, వాళ్ల చేతికి చిక్కింది. రంగం వెళ్లి బతికిన మన జిల్లా కుటుంబాల గతి ఏమైందో మీకు తెలుసు. ఓడ దొరకనివాళ్లు ఎందరో అరకాన్ కొండలు దాటుకుని కాలినడకన బయల్దేరారు. చిన్నప్పుడు మా వీధి అరుగుల మీద విన్న ఆ కథల్లో సయాం పేరు ఎవరూ ఎత్తలేదు. ఇక్కడికొచ్చి చదివాకే ఆ ముడి తెలిసింది.

అందుకే నాకు ప్రభుత్వం ఇచ్చిన పలకరింపు కన్నా జనం నోట నిలిచిన వరసలంటే ఇష్టం. తెలియనివాళ్లను కూడా ఇక్కడ వరస పెట్టే పిలుస్తారు. మనకన్నా కాస్త పెద్దవాళ్లు, ఆడైనా మగైనా, ‘ఫీ’. చిన్నవాళ్లు ‘నొంగ్’. అమ్మ కన్నా పెద్దావిడ ‘పా’, ఆ ఈడు మగాయన ‘లుంగ్’. అమ్మమ్మ ‘యాయ్’, నాయనమ్మ ‘యా’. బస్సులోనూ బజారులోనూ ఇవే. అప్పా, మావా, పిన్నీ అనకుండా పలాసలో జీడిపప్పు బేరమాడేదెవరు? ఇక్కడా అంతే.

ఒక్కచోటే నా మనసు ఒప్పుకోలేదు. అమ్మ అన్నయ్యా లుంగే, నాన్న అన్నయ్యా లుంగే! అమ్మ తమ్ముణ్ని ‘నా’ అంటారు గాని, అమ్మ చెల్లెలూ ‘నా’యే. మేనమామకంటూ వేరే వరస లేదు. మరి పెళ్లికూతుర్ని బుట్టలో ఎవరు తెస్తారు? మేనమామ పిల్లలూ పెదనాన్న పిల్లలూ ఒకే పిలుపు కింద అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అయిపోతే, బావామరదళ్ల వేళాకోళం ఏమైపోవాలి? ఇది ఆలోచించినప్పుడల్లా నాకు మా చిన్నమావ గుర్తొస్తాడు. పండక్కి కోవా పొట్లం పట్టుకొచ్చి, ముందు నా చేతిలోనే పెట్టేవాడు. ఆ వరసకంటూ థాయ్‌లో విడిగా మాట లేకపోవడం నాకు ఇప్పటికీ వెలితే.

ఉచ్చారణ చెవితో పట్టాలి. ‘ఖావ్’ స్వరం దిగితే అన్నం, లేస్తే తెలుపు, కిందే ఉంటే వార్త. యాసల తేడా కూడా ఉంది. ఇక్కడ టాక్సీలు నడిపేవాళ్లు, వంటిళ్లలో పనిచేసేవాళ్లు చాలామంది ఈశాన్యాన ఉన్న ఈశాన్ ప్రాంతంవాళ్లు. వాళ్ల మాట లావోకు దగ్గర. రుచిగా ఉందనడానికి బ్యాంకాక్‌లో ‘అరోయ్’ అంటే వాళ్లు ‘సేప్’ అంటారు. టీవీ నాటకాల్లో పనిమనిషి పాత్రకి ఆ యాస పెట్టడం చూస్తే నాకు కోపమొస్తుంది. మన శ్రీకాకుళం యాసని సినిమాలు ఎలా వాడుకున్నాయో చూసినదాన్ని కదా.

2024లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం మొదలయ్యాక మనవైపు వాళ్లు రావడం చూస్తున్నాను. వచ్చేముందు నాలుగు మాటలు నేర్చుకోండి. ఎంత అనడానికి ‘తావ్‌రై’. కారం వద్దంటే ‘మై ఫెత్’. మాంసం, చేపల పులుసు ఏదీ తగలకూడదంటే ‘కిన్ జే’. బాత్రూము ‘హొంగ్ నామ్’. కృతజ్ఞత చెప్పడానికి ‘ఖొప్ ఖున్’, దాని వెనక ఖ్రప్ గాని ఖా గాని మరిచిపోవద్దు. వీటన్నిటికీ ముందు ఎదుటి మనిషిని వరస పెట్టి పిలవండి. ఈడు తెలియని ఆడమనిషిని ‘పా’ అంటే నొచ్చుకుంటుంది, ‘ఫీ’ అనండి.