వేరే రాష్ట్రం డిగ్రీ ఇంట్లోంచే.. ఫీజు కట్టేముందు ఇది చూసుకోండి!

జగ్గయ్యపేట, నందిగామ వాళ్లకు తెలంగాణ బోర్డర్ దగ్గరే. కానీ కోదాడ వెళ్లొచ్చినంత ఈజీగా అక్కడి యూనివర్సిటీ దూరవిద్యలో చేరడం కుదరదు. రాష్ట్ర యూనివర్సిటీలు దూరవిద్య కోర్సులను సొంత రాష్ట్రంలోనే నడపాలి. ఆన్‌లైన్ డిగ్రీకి మాత్రం ఆ హద్దు లేదు. అనుమతి ఉన్న కోర్సైతే ఆ డిగ్రీ రెగ్యులర్‌తో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబర్‌లో స్పష్టం చేసింది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే.. యూనివర్సిటీకి పర్మిషన్ ఉంటుంది, చేరే కోర్సుకు ఉండదు! యూజీసీ డెబ్ వెబ్‌సైట్‌లో కోర్సు పేరు, ఏడాది రెండూ చూడాలి. చేరడానికి డెబ్ ఐడీ తప్పనిసరి. బీటెక్, నర్సింగ్, లా డిగ్రీలు ఆన్‌లైన్‌లో ఇప్పిస్తామంటే అస్సలు నమ్మొద్దు. ఫ్రాంచైజీ సెంటర్లకూ అనుమతి లేదు.

ఖర్చు తగ్గాలంటే ముందు ఇగ్నో ఫీజులు చూడండి. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి దూరవిద్యకూ బోర్డర్ గొడవ లేదు, రీజినల్ సెంటర్ విజయవాడలోనే ఉంది.