మార్కుల్లో దాగిన కులం: టీచర్ల శిక్షణలో ఏం చెప్పాలి?

కులవివక్ష ఊసెత్తగానే చాలామంది టీచర్లు ‘మా బడిలో అలాంటిదేం లేదు, పిల్లలందర్నీ ఒకేలా చూస్తాం’ అంటారు. వాళ్లంతా అబద్ధమాడుతున్నారని మేం అనుకోవడం లేదు. తెలిసి అవమానించేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కానీ వివక్షకు ద్వేషమే అక్కర్లేదు. శిక్షణలో నీతిబోధ కన్నా ముందు ఈ రుజువులు పెట్టాలి.

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. కులం ఎత్తనప్పుడు దళిత పిల్లలు అగ్రకుల పిల్లలతో సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివాక వెనకబడ్డారు. తెలివి మారలేదు, మారింది గది.

రీమా హన్నా, లీ లిండెన్‌ల అధ్యయనం 2012లో వచ్చింది. ఇదీ మన దేశంలో జరిగిందే. జవాబుపత్రాల పైపేజీ మీద కులం వంటి వివరాలను లాటరీ పద్ధతిలో మార్చి టీచర్లతో దిద్దించారు. ‘కింది కులం’ అని ఉన్న పేపర్లకు కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. దిద్దడం మొదలుపెట్టినప్పుడు, అంటే ఏ జవాబుకు ఎంత వేయాలో ఇంకా కుదరనప్పుడు, ఈ తేడా ఎక్కువ. పైగా అది ప్రధానంగా అణగారిన కులాల టీచర్లు దిద్దిన పేపర్లలోనే కనిపించింది. ‘చూశారా, తప్పు మీవాళ్లదే’ అనడానికి దీన్ని వాడుకునేవాళ్లుంటారు. మాకు అర్థమైంది వేరు: కులం నేర్పిన అంచనా దాని దెబ్బ తిన్నవాళ్ల ఎర్రపెన్నులోకీ దిగుతుంది. కాబట్టి శిక్షణ టీచర్లందరికీ కావాలి.

బడిలో వెంటనే చేయగల పనులు ఇవి:

• జవాబుపత్రం మీద పేరు బదులు నంబరు ఉంచాలి. దిద్దకముందే ఏ జవాబుకు ఎన్ని మార్కులో రాసుకోవాలి.

• స్కాలర్‌షిప్పుల కోసం ‘ఎస్సీలు లేవండి’ అనకుండా వివరాలు విడిగా తీసుకోవాలి.

• గది ఊడ్చేదెవరు, ప్రార్థనలో ముందు నిలబడేదెవరు, లీడరయ్యేదెవరు? నెలరోజులు రాసి చూసుకోవాలి.

• పిల్లల ఇంటి యాసను, తిండిని ఎగతాళి చేయకూడదు, చేయనివ్వకూడదు.

ఇది టీచర్ల దయకు వదిలేసిన విషయం కాదు. బలహీన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూసే బాధ్యతను 2009 విద్యాహక్కు చట్టం 8, 9 సెక్షన్లు ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టాయి. 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. విద్యార్థి సంఘాలు, తల్లిదండ్రులు ఈ సెక్షన్లు చూపించే శిక్షణ అడగాలి.

టీచర్ల మనసు మారేదాకా పిల్లలు ఆగలేరు. దిద్దే పద్ధతి, పిలిచే పద్ధతి మాత్రం ఈ ఏడాదే మారొచ్చు.