పోయిన బొమ్మలు, మిగిలిన పుస్తకములు

1921లో రఘుపతి వెంకయ్యగారు, కుమారుడు ప్రకాశ్‌గారు కలసి నిర్మించిన మూకీ 'భీష్మప్రతిజ్ఞ' నేడు చూడ దొరకదు. 1932లో హెచ్.ఎం.రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'కును అదే గతి పట్టినది. ఆనాటి నైట్రేట్ ఫిలిముకు నిప్పంటుకొన్నచో నీట ముంచినను ఆరదు. ఉక్కకు, తేమకు జిగటయై, తుదకు పొడియగును. అంతకంటె మనసును కలచు సంగతి వేరొకటి ఉన్నది. ఫిలిములోని వెండి కొరకు ఎన్నో పాత ప్రతులను మనుష్యులే కడిగి పారవేసిరి! పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని ఏర్పడలేదు.

మా సింగపూరులో ఆసియన్ ఫిలిం ఆర్కైవ్ 2005లో ఆరంభమైనది. అచటి క్యాథే-కేరిస్ మలయ్ చిత్రములు 2014లో యునెస్కోవారి ఆసియా-పసిఫిక్ స్మృతి పట్టికకెక్కినవి. అయినను అదే సంస్థకు బి.ఎన్.రావుగారు 1957లో తీసిన 'పొంతియానక్' దక్కలేదు. చెన్నైలో, తెలుగు 'భూకైలాస్' నిర్మించిన ఏవీఎంవారు 2023లో పాత కెమెరాలకు, వాహనములకు ప్రదర్శనశాల తెరచిరి. అది మెచ్చదగిన పని. కాని కెమెరా మిగిలినంత మాత్రమున బొమ్మ మిగులదు.

మలయా తోటలకు కూలికి వచ్చినవారి సంతతి మేము. వుడ్‌ల్యాండ్స్‌లోని మా ఇండ్లలో సినిమా పాటల పుస్తకములు ఇంకను కొన్ని ఉన్నవి. ఇల్లు మారునప్పుడు మొదట చెత్తబుట్టకు పోవునవి అవే. వాటి మొదటి పుటలలో కథాసంగ్రహము, నటీనటుల పేర్లు ఉండును. ప్రతి నశించిన చిత్రమునకు ఒక్కొకప్పుడు ఆ నాలుగు పుటలే సాక్ష్యము.