పెనుకొండ సీమలో వ్యక్తినామములు : అతివ్యాప్తి, పరిష్కారము

బిడ్డకు పెట్టు పేరు రెండు పనులు చేయవలసియున్నది. ఆ బిడ్డను తక్కినవారినుండి వేఱుపఱచుట మొదటిది. ఒక దైవముతోనో, వంశముతోనో, స్థలముతోనో ఆ బిడ్డకు సంబంధము కలిగించుట రెండవది. ఈ రెండు ప్రయోజనములకును కొంత విరోధము కలదు. సంబంధము కలిగించు పేరు పదిమందికి ఉండును. వేఱుపఱచు పేరు ఒక్కనికే ఉండవలెను. కావుననే, మనసునకు నచ్చిన పేరు ఊరంతటను వినిపించుచున్నదని తెలిసినపుడు తల్లిదండ్రులు సందేహమున పడుదురు. ఈ సందేహము నేటి కాలమునకే చెందినదని పలువురు తలచుచున్నారు. ఈ విషయమున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతపు చరిత్ర ఏమి చెప్పుచున్నదో పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. ఈ మూడు పట్టణములును చిరకాలము అనంతపురము జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి.

ఈ సీమ ప్రాచీన రాజులలో నొళంబ పల్లవులు ముఖ్యులు. మడకశిరకు చేరువనున్న హేమావతి వారి రాజధాని. శాసనములలో దాని పేరు హెంజేరు. వీరిలో పొలల్చోర, అయ్యప, అన్నిగ వంటి దేశ్యనామములును, మహేంద్ర, దిలీప వంటి సంస్కృతనామములును ప్రక్కప్రక్కనే కనబడుచున్నవి. దిలీపునకు ఇరివ నొళంబుడనియు, అన్నిగునకు బీర నొళంబుడనియు నామాంతరములు కలవు. ఒక్క పేరు వ్యక్తిని గుర్తించుటకు చాలనపుడు రెండవ పేరు తోడగుట ఇచట వేయి సంవత్సరములకు మునుపే ఉన్న పద్ధతి యని దీనివలన తేటపడుచున్నది.

విజయనగర కాలమున దైవనామములు ప్రబలినవి. పెనుకొండ కోట ద్వారమునందలి 1354 నాటి శాసనము, మొదటి బుక్కరాయలు ఈ రాజ్యమును తన కుమారుడగు వీరవిరూపణ్ణకు అప్పగించినట్లు తెలుపుచున్నది. హంపి విరూపాక్షుని పేరే ఈ రాకుమారుని పేరు. దాదాపు రెండు వందల ఏండ్ల తరువాత, అచ్యుతదేవరాయల కాలమున (1529-1542), లేపాక్షి వీరభద్రాలయమును పోషించిన అధికారి పేరును విరూపణ్ణయే. ఇద్దరికిని పెనుకొండతో సంబంధము కలదు. పేరొక్కటే ఆధారముగా చూచువానికి వీరిరువురును ఒక్కరే యన్న భ్రాంతి కలుగవచ్చును. ఒకరు బుక్కరాయల కుమారుడు, మఱియొకరు నంది లక్కిసెట్టి కుమారుడు, వీరణ్ణ సోదరుడు. ఇట తండ్రి పేరే మనకు దారి చూపుచున్నది. దాతల పేర్లతోపాటు వారి తండ్రుల పేర్లను చెక్కించుట కేవలము వంశప్రశంస కొఱకే కాదని, గుర్తింపునకును అది అవసరమైనదని మా అభిప్రాయము.

1565 నాటి యుద్ధానంతరము ఆరవీటి వారు పెనుకొండను రాజధాని చేసికొనిరి. వారితోపాటు తిరుమల, శ్రీరంగ, వేంకటపతి యను వైష్ణవక్షేత్ర సంబంధమగు పేర్లు సింహాసనమెక్కినవి. 1586 నుండి 1614 వఱకు ఏలిన వేంకటపతిరాయల నాణెములపై సయితము వేంకటేశ్వర నమస్కృతి కలదు. రాజు పేరు, నాణెము మీది దైవము పేరు, ప్రజలు తమ బిడ్డలకు పెట్టు పేరు ఒక్కటియైనవి.

దీని ఫలితము చరిత్రకారులకు తెలియనిది కాదు. ఈ వంశమున ముగ్గురు శ్రీరంగలు రాజ్యమేలిరి. మొదటివాని కాలము 1572-1586. రెండవవాడు 1614లో వేంకటపతి పిదప రాజై, అంతఃకలహమున హతుడయ్యెను. మూడవవాడు 1642లో రాజ్యమునకు వచ్చెను. వేంకటుల విషయమున చిక్కు మఱింత హెచ్చు. 1542లో స్వల్పకాలము రాజుగా నుండి చంపబడిన అచ్యుతరాయల కుమారుని లెక్కించిన గ్రంథములలో 1586 నాటి వేంకటపతి రెండవ వేంకటుడగును; లెక్కింపని గ్రంథములలో మొదటివాడగును. కావున “రెండవ వేంకటుడు” అను మాటకు, గ్రంథమునుబట్టి 1586 నాటి రాజో, 1632 నాటి రాజో అర్థమగుచుండును. పరిశోధక విద్యార్థి సంఖ్యను నమ్ముకొనక, సంవత్సరమును, తండ్రి పేరును చూచుకొనుట మేలు.

1632లో రాజైన వేంకటునకు పెదవేంకటుడని ప్రసిద్ధి. ఆయన తమ్ముని పేరును వేంకటుడే, అతడు పినవేంకటుడు. మూడవ శ్రీరంగడు ఈ పినవేంకటుని కుమారుడు. దైవనామముపై భక్తి, వేఱుపఱచు ప్రయోజనమును ఎంతగా మించిపోగలదో దీనికంటె మంచి నిదర్శనము లేదు. పరిష్కారమును ఇందే కలదు. పెద, పిన యను రెండు చిన్న మాటలు రాజకుటుంబమునకు చాలినవి.

సామాన్య ప్రజలును ఈ ఉపాయమునే ఆశ్రయించిరి. అహోబిలమునుండి ఓబులేసు, ఓబులప్ప, ఓబన్న. తిరుమలనుండి తిమ్మప్ప, తిమ్మక్క. కదిరి నరసింహుని పేర కదిరప్ప, నరసింహులు - ఇట్టి పేర్లు ఈ సీమలో ఊరూరను కలవు. ఒకే ఊరిలో ఓబులేసులు ముగ్గురున్నచో పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు అగుదురు. అదియు చాలనపుడు ఇంటిపేరో, వృత్తియో ముందు చేరును. పేర్లు ఇట్లు మరల మరల వచ్చుటకు తాత పేరు మనుమనికి, అవ్వ పేరు మనుమరాలికి పెట్టు ఆచారము మఱియొక కారణము. మామ పేరు కోడలు పలుకరాదు గనుక ఆ బిడ్డను తల్లి “తాతా” యనియో, మఱియొక ముద్దుపేరుతోనో పిలుచును. ఒకే బిడ్డకు పెట్టిన పేరొకటి, పిలుపు పేరొకటి యుండుట ఇట్లు ఇంటిలోనే మొదలగుచున్నది.

ఈ సీమకు ప్రత్యేకములగు పేర్లు మఱికొన్ని కలవు. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గా ప్రసిద్ధము. బాబయ్య స్వామి యని ఆయనను హిందువులును కొలుతురు. బాబయ్య, ఫకీరప్ప యను పేర్లను తమ బిడ్డలకు పెట్టుకొందురు. నార్పల దగ్గఱి గూగూడులో మొహరము దినములలో కుళ్లాయి స్వామికి ఉత్సవము జరుగును. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ యను పేర్లు అచటినుండి వచ్చినవి. “కుళ్లాయి” యను పారసీక సంబంధమైన మాటకు “అప్ప”, “అమ్మ” యను మన మాటలు చేరుట గమనింపదగినది. ఇట్టి పేరు విన్నంతనే ఆ మనిషి ఏ సీమవాడో చెప్పవచ్చును. ఊరిలో ఎందఱికున్నను, దేశమున ఇది అరుదైన పేరే. వ్యాప్తి యనునది చూచు పరిధినిబట్టి మాఱునని ఇందువలన గ్రహింపవలెను.

ఒకప్పుడు వ్యాపించిన పేర్లు అడుగంటుటయు కలదు. థామస్ మన్రో 1800 నుండి 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరు. ఆయనపై గౌరవముచే ఈ జిల్లాలలో బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ యని పేర్లు పెట్టిరని ప్రసిద్ధి. నేటి తల్లిదండ్రులు ఆ పేరు తలపెట్టరు. మనుష్యుని కీర్తినుండి పుట్టిన పేరు ఆ కీర్తిని ఎఱిగినవారితో తఱుగును. క్షేత్రమునుండి పుట్టిన పేరు ఉత్సవము సాగినంతకాలము నిలుచును.

ఇరువదవ శతాబ్దమున ఈ సీమనుండి వ్యాపించిన పేరు “సాయి”. షిరిడీ సాయిబాబా 1918లో సమాధి చెందిరి. పెనుకొండకు చేరువనున్న పుట్టపర్తిలో 1926లో జన్మించిన సత్యనారాయణరాజు తరువాత సత్యసాయిబాబాగా ప్రసిద్ధికెక్కెను. 2011లో దేహము చాలించెను. ఈ ఇరువుర ప్రభావముచే తెలుగుదేశమంతట సాయికుమార్, సాయికృష్ణ, సాయిప్రసాద్, సాయిశ్రీ వంటి పేర్లు విస్తరించినవి. భాషాదృష్టితో చూచినచో ఇట ఒక విశేషము కలదు. మిక్కిలి వ్యాపించిన పేరు స్వతంత్రనామముగా నిలువక, ముందు చేరు పదముగా మాఱుచున్నది. “వేంకట” శబ్దమునకు పూర్వము జరిగినదియు ఇదియే. వేంకటరామయ్య, వేంకటసుబ్బయ్య యను పేర్లలో మనిషిని గుర్తించునది రెండవ భాగమే. “సాయి” అదే మార్గమున నడచుచున్నది. పేరు చెడలేదు, దాని పని మాఱినది.

చలనచిత్రములును, రాజకీయములును పేర్లను వ్యాపింపజేసినవి. 1985 నుండి 1996లో మరణించువఱకు హిందూపురమునకు శాసనసభలో ప్రాతినిధ్యము వహించిన నందమూరి తారక రామారావు పేరే ఆయన మనుమనికిని కలదు. ఆ మనుమడు నటుడై “జూనియర్ ఎన్.టి.ఆర్.” యని పిలువబడుచున్నాడు. మాట ఆంగ్లమైనను ఇది పెదవేంకట, పినవేంకటుల నాటి పద్ధతియే.

ఇతర దేశములందును ఇట్టిదే జరిగినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప అచటి ప్రాచీననామములు తగ్గి, జాన్, విలియం వంటి కొలది పేర్లే మిక్కిలి వ్యాపించినవి. వంశనామములు అచట స్థిరపడుటకు గల కారణములలో ఇదియు నొకటి. పేర్లు కొఱవడినపుడు సంఘము రెండవ గుర్తును కల్పించుకొనును.

అట్లైనచో నేటి తల్లిదండ్రుల సందేహమునకు కారణము లేదా? కలదని మేము తలచుచున్నాము. పూర్వము ఊరి నోట నిలిచిన గుర్తులు నేటి పత్రములలో ప్రవేశించుట లేదు. పెద్ద, నడిపి, చిన్న యను మాటలు బడి పట్టికలో ఎక్కుట అరుదు. ఇంటిపేరు ఒక్క అక్షరముగా కుదింపబడుచున్నది. ఒక్క “క”కారము క్రింద పదుల ఇంటిపేర్లు మఱుగుపడుచున్నవి. భూమి పత్రమునందును, పింఛను పట్టికయందును ఒకరికి బదులు మఱియొకరు ఎక్కు అవకాశము ఇందువలన హెచ్చుచున్నది. వ్యాప్తి క్రొత్తది కాదు. దానికి విరుగుడుగా నున్న సాధనములు సన్నగిల్లుటయే క్రొత్తది.

దీనికి వెఱచి కొందఱు ఎవ్వరికిని లేని పేరును కల్పింపజూచుచున్నారు. ఆ అపూర్వనామము నచ్చినచో పొరుగువారును దానినే పెట్టుదురు. కొలది ఏండ్లలో అదియు సామాన్యమగును. దానివెనుక తాతయు ఉండడు, క్షేత్రమును ఉండదు. రెండు ప్రయోజనములును ఒక్కసారి నశించును. ఇంతకంటె, మెచ్చిన దైవనామమునే ఉంచి, దానికి అవ్వ పేరునో, ఊరి దేవత పేరునో జతపఱచుట, ఇంటిపేరును పూర్ణముగా వ్రాయించుట మన సంప్రదాయమునకు దగ్గఱగానున్న మార్గము.

హిందూపురము మురారిరావు తండ్రియగు హిందూరావు పేరనియు, ధర్మవరము క్రియాశక్తి ఒడయరు తల్లియగు ధర్మాంబ పేరనియు వెలసినట్లు చెప్పుదురు. ఈ ఇరువుర పేర్లు ఊళ్లకు చేరుటచే నిలిచినవి. ఊరికి చేరని వేలకొలది పేర్లకు పాఠశాలల ప్రవేశ పట్టికలు, దేవాలయ దాతల ఫలకములు, గ్రామ లెక్కలే ఆధారములు. ఒక్కొక్క గ్రామమున మూడు తరముల పేర్లను, ఇంటిపేర్లతోను పిలుపు పేర్లతోను కూడ సేకరింప పూనుకొనుడని పరిశోధక విద్యార్థులను కోరుచున్నాము. కుళ్లాయమ్మ, ఓబులమ్మ, కదిరమ్మ యను పేర్లుగల అవ్వలు ఉండగనే ఈ పని జరుగవలెను. ఆ పేర్లు ఏల పెట్టిరో చెప్పగలవారు వారే.