యూనిట్ 7: ఊరి వివరం నుంచి ఉమ్మడి జ్ఞాననిధి దాకా – నల్లగొండ, మహబూబ్‌నగర్ అనుభవం

7.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• పలువురు కలిసి సమాచారాన్ని నమోదు చేసే సంప్రదాయం తెలుగునాట ఎలా ఎదిగిందో వివరించగలుగుతారు.
• ఒక నమోదుకు ఉండవలసిన నాలుగు అంగాలను గుర్తించగలుగుతారు.
• జిల్లాల మార్పు, శాసనాధారాల మధ్య భేదం వంటి సమస్యలను వికీడేటా ఎలా పరిష్కరిస్తుందో చెప్పగలుగుతారు.
• మీ ఊరి వివరాలను ఆధారాలతో నమోదు చేయగలుగుతారు.

7.1 పరిచయం

నిజాం రాష్ట్రంలో చెప్పుకోదగిన తెలుగు కవులు లేరని 1930ల మొదట్లో ఒక పండితుడు రాశారు. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి దీనికి వాదంతో కాక వివరాలతో జవాబు చెప్పారు. కవులు తమ రచనలను, వివరాలను పంపాలని పత్రిక ద్వారా కోరారు. ఊరూరి నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆ వివరాలన్నీ క్రమపరచి 1934లో 'గోలకొండ కవుల సంచిక' ప్రచురించారు. అందులో 354 మంది కవులున్నారు.

ఈ సంఘటనను సాహిత్య చరిత్రలో తరచుగా ఆత్మగౌరవ ఘట్టంగా చెబుతారు. అది నిజమే. అయితే చరిత్ర విద్యార్థి ఇందులో మరొక విషయం కూడా గమనించాలి. ఆ 354 మంది 1934లో కొత్తగా పుట్టలేదు. అంతకు ముందూ ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. లేనిది వారి నమోదు మాత్రమే. నమోదు కాకపోవడం వేరు, లేకపోవడం వేరు. కానీ దూరం నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనబడతాయి. ఈ యూనిట్‌లో మనం చర్చించే విషయానికి ఇదే మూలసూత్రం.

7.2 ముద్రణ యుగంలో ఉమ్మడి ప్రయత్నాలు

7.2.1 మునగాల నుంచి విజ్ఞాన సర్వస్వం

ప్రతాపరెడ్డికి ముందే ఇంకా పెద్ద ప్రయత్నం ఒకటి జరిగింది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877–1923) మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. మునగాల రాజా నాయని వెంకటరంగారావు ప్రోత్సాహంతో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడ్డాయి. ఆ తరవాత లక్ష్మణరావు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' అనే మహాకార్యానికి పూనుకొన్నారు. వేర్వేరు శాస్త్రాల పండితులతో వ్యాసాలు రాయించి, తానూ రాసి, అకారాది క్రమంలో ప్రచురించసాగారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. మూడింటిలోనూ ఉన్నవి 'అ'తో మొదలయ్యే అంశాలే. పని సాగుతుండగానే 1923లో ఆయన మరణించారు.

ఈ ప్రయత్నం 'అ' దగ్గర ఆగిపోవడానికి ఆయన మరణం ఒక్కటే కారణం కాదు. ముద్రణకు ఒక క్రమం కావాలి. 'అ' పూర్తయితేగాని 'ఆ' మొదలుకాదు. 'న'లో నల్లగొండ గురించి ఎంతో తెలిసిన వ్యక్తి ఉన్నా తన వంతు వచ్చేదాకా ఎదురుచూడవలసిందే. పైగా అన్ని వ్యాసాలూ ఒక్క సంపాదకుడి బల్ల మీదుగా పోవాలి. ఆయన లేకపోతే పని ఆగుతుంది.

7.2.2 సంచిక సాధించినది, సాధించలేనిది

గోలకొండ కవుల సంచికలో వివరాలు పంపినవారు పలువురు, క్రమపరచినది ఒకరు. తక్కువ కాలంలో పని పూర్తి కావడానికి ఈ పద్ధతి తోడ్పడింది. అయితే దానికీ పరిమితులున్నాయి. పత్రిక చదవని కవికి, ఉత్తరం రాయలేని కవికి ఆ పిలుపు అందదు. పుస్తకం అచ్చయిన తరవాత కొత్త పేరు దొరికితే చేర్చడానికి, తప్పు తేలితే దిద్దడానికి మరో ముద్రణ దాకా ఆగాలి.

ఈ రెండు అనుభవాలనూ కలిపి చూస్తే ఉమ్మడి జ్ఞాననిధికి కావలసిన గుణాలు తెలుస్తాయి: ఎక్కడి నుంచైనా మొదలుపెట్టే వీలు, ఎవరైనా చేర్చే వీలు, ఎప్పుడైనా దిద్దే వీలు, దిద్దిన ప్రతిదానికీ లెక్క.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము 'అ' అక్షరంతోనే ఆగిపోవడానికి కారణాలేమిటి? అయిదు వాక్యాల్లో రాయండి.

7.3 వికీడేటా: నమోదు నిర్మాణం

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. వికీపీడియాలో విషయం వ్యాసరూపంలో ఉంటుంది. మనిషి చదివి అర్థం చేసుకొంటాడుగాని, "కృష్ణానది ఒడ్డున ఉన్న పాత దేవాలయాలన్నీ చూపించు" అని అడిగితే యంత్రం ఆ వ్యాసాల నుంచి జవాబు ఏరలేదు. పైగా ఒకే జనాభా సంఖ్య తెలుగులో ఒకచోట, ఇంగ్లిషులో మరొకచోట, ఉర్దూలో ఇంకొకచోట విడివిడిగా రాయవలసి వచ్చేది. ఈ ఇబ్బందులను తీర్చడానికి 2012 అక్టోబరు 29న వికీడేటా ప్రారంభమైంది. ఇందులో సమాచారం వాక్యాలుగా కాక గడులుగా ఉంటుంది. దీన్ని ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

వికీడేటాలో ఒక నమోదుకు నాలుగు అంగాలుంటాయి.

(అ) గుర్తింపు: ప్రతి అంశానికీ 'క్యూ' అక్షరంతో మొదలయ్యే ఒక సంఖ్య ఉంటుంది. పేరు మారినా సంఖ్య మారదు. రామాపురం, వెంకటాపురం అనే పేర్లున్న ఊళ్లు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. పేరుతో వాటిని విడదీయలేం, సంఖ్యతో విడదీయగలం. అలాగే ఒకే ఊరికి అనేక పేర్లుండవచ్చు. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరుతో మహబూబ్‌నగర్ అయిన పట్టణాన్ని జనం నేటికీ పాలమూరు అంటారు. నల్లగొండకు నీలగిరి అనే పాత పేరుంది. వీటిని 'ఇతర పేర్లు' గడిలో చేర్చాలి. లేకపోతే పాలమూరు అని వెతికినవారికి ఏమీ దొరకదు.

(ఆ) వివరం: 'లక్షణం', దానికి 'విలువ' కలిస్తే ఒక వివరం అవుతుంది. ఉదాహరణకు సురవరం ప్రతాపరెడ్డి అనే అంశానికి 'వృత్తి' లక్షణం, 'పత్రికా సంపాదకుడు' విలువ. ఒకే లక్షణానికి అనేక విలువలు ఉండవచ్చు. ఆయన చరిత్రకారుడు కూడా. 1952లో వనపర్తి నుంచి ఎన్నికైన శాసనసభ్యుడు కూడా.

(ఇ) ఆధారం: ఆ వివరం ఎక్కడిదో చెప్పే గడి. ఆధారం లేని వివరాన్ని చదివేవాడు సరిచూసుకోలేడు.

(ఈ) కాలం: ఆ వివరం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు నిజమో చెప్పే గడి.

కొత్తగా నమోదు చేసేవారు ఎక్కువగా వదిలేసేది ఈ నాలుగో అంగాన్నే. దీని అవసరం తరవాతి భాగంలో చూద్దాం.

7.4 కాలం గడి ఎందుకు ముఖ్యం: మునగాల ఉదాహరణ

"మునగాల ఏ జిల్లాలో ఉంది?" ఈ ప్రశ్నకు జవాబు అడిగే కాలాన్ని బట్టి మారుతుంది. బ్రిటిషు పాలనలో మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, అది మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది. 2014లో తెలంగాణలో భాగమైంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సూర్యాపేట జిల్లాలోకి చేరింది. ఊరు కదలలేదు. దాని మీది పాలనా గీతలు కదిలాయి.

ఇప్పుడు ఒకరు వచ్చి 'నల్లగొండ' అని ఉన్నచోట 'సూర్యాపేట' అని దిద్దితే ఏమవుతుంది? వర్తమానం సరిపోతుంది, చరిత్ర చెరిగిపోతుంది. లక్ష్మణరావు పనిచేసిన మునగాల ఆనాడు కృష్ణా జిల్లాలో ఉండేదన్న సంగతి తెలియకపోతే, పాత రికార్డుల కోసం ఏ జిల్లా దస్త్రాలు వెతకాలో పరిశోధకుడికి అర్థం కాదు. అందుకే పాత విలువను తీసివేయకూడదు. దానికి ముగింపు తేదీ ఇచ్చి, కొత్త విలువను ప్రారంభ తేదీతో చేర్చాలి. ప్రస్తుత విలువకు 'ప్రాధాన్యం' హోదా ఇవ్వాలి.

2016లో పాత నల్లగొండ మూడు జిల్లాలయింది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. కొడంగల్ వికారాబాద్‌కు వెళ్లింది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా విడిపోయింది. అంటే 2011 జనగణనలో 'మహబూబ్‌నగర్ జిల్లా' అని ఉన్న సంఖ్యను ఇప్పటి మహబూబ్‌నగర్ జిల్లాకు అంటగట్టకూడదు. పేరు ఒకటే, ప్రాంతం వేరు.

కొన్నిచోట్ల కట్టడాలే కదిలాయి. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లి దగ్గర ఉన్న సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయపు ముంపులోకి వచ్చినప్పుడు, దాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఆలయం ఒకటే కాబట్టి అంశం ఒకటే ఉండాలి. స్థానం గడిలో మాత్రం రెండు విలువలుండాలి. రెండు అంశాలు సృష్టిస్తే రెండు ఆలయాలున్నట్లు భ్రమ కలుగుతుంది. అటువంటి జంట నమోదులు కనబడితే ఒకదాన్ని చెరిపేయకుండా రెండోదానిలో విలీనం చేయాలి. అప్పుడు పాత సంఖ్యతో వెతికినవారు కూడా సరైన చోటికే చేరతారు.

7.5 ఆధారాలు విభేదించినప్పుడు: చందుపట్ల శాసనం

కాకతి రుద్రమదేవి ఎప్పుడు మరణించింది? ఆమె 1295 ప్రాంతం వరకు పాలించిందని చాలాకాలం చరిత్ర పుస్తకాలు రాశాయి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన శాసనం ఈ అభిప్రాయాన్ని మార్చింది. పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, శివలోకం చేరిన రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యంగా భూదానం చేశాడని అందులో ఉంది. దాని కాలం 1289 నవంబరు.

దీన్ని నమోదు చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పాత అభిప్రాయాన్ని మాయం చేయకూడదు. దానికి దాని ఆధారంతోపాటు తక్కువ హోదా ఇచ్చి ఉంచాలి. పాత పుస్తకాల్లో 1295 ఎందుకు కనబడుతుందో తరవాతి పాఠకుడికి అప్పుడే అర్థమవుతుంది. రెండవది, శాసనం చెప్పని మాటను దాని నోట పెట్టకూడదు. శాసనం మరణాన్ని సూచిస్తుంది. కాయస్థ అంబదేవునితో యుద్ధంలో ఆమె మరణించిందనేది ఇతర ఆధారాలతో కలిపి చరిత్రకారులు చేసిన ఊహ. బలమైన ఊహ కావచ్చు, అయినా ఊహే. 'మరణ తేదీ' గడికి శాసనం ఆధారమవుతుంది. 'మరణ కారణం' గడికి ఆ ఊహ చేసిన చరిత్రకారుని గ్రంథాన్ని చూపాలి.

వ్యక్తుల విషయంలోనూ ఇదే నియమం. విజ్ఞాన చంద్రికా మండలికి అండగా నిలిచిన మునగాల జమీందారీలోనే 1930ల్లో రైతులు జమీందారుకు వ్యతిరేకంగా పోరాడారు. ఒకటి నమోదు చేసి రెండోది వదిలేస్తే అది చరిత్ర కాదు, ప్రశస్తి అవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
పాత విలువను చెరిపేయడానికీ, దానికి ముగింపు తేదీ ఇవ్వడానికీ తేడా ఏమిటి? మునగాల ఉదాహరణతో వివరించండి.

7.6 ఇంకా నమోదు కానివారు

తెలుగు వికీపీడియాలో గ్రామాల పేజీలు చాలావరకు 2011 జనగణన వివరాలతో రూపొందాయి. జనగణన రెవెన్యూ గ్రామాన్ని లెక్కకు తీసుకొంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వందలాది లంబాడీ తండాలు ఏదో ఒక రెవెన్యూ గ్రామంలో ఆవాసాలుగా ఉండిపోయాయి. వాటి ఇళ్లు, బడి, నీళ్ల వసతి అన్నీ పెద్ద ఊరి లెక్కలోనే కలిసిపోయాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అనేక తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. సర్పంచులు వచ్చారు. కాని 2011 పట్టికల ఆధారంగా కట్టిన జ్ఞాననిధిలో ఆ తండాకు సొంత అంకె దొరకదు.

ఇక్కడ మళ్లీ 1934 నాటి ప్రశ్నే మన ముందుకు వస్తుంది. బడి ఎక్కడ కట్టాలి, దారి ఎక్కడ వేయాలి అని ఆలోచించేవారు నేడు పటాలను, పట్టికలను చూస్తారు. పటంలో పేరు లేని తండా వారికి ఖాళీ నేలగా కనబడుతుంది. ఆ ఖాళీని నింపగలిగినవారు అక్కడ ఉన్నవారే.

అలా నమోదు చేసేటప్పుడు రెవెన్యూ గ్రామం, గ్రామ పంచాయతీ, ఆవాసం అనేవి మూడు వేర్వేరు రకాలని మరవకండి. తండాకు ప్రత్యేక అంశం సృష్టించి, అది ఏ రెవెన్యూ గ్రామ పరిధిలో ఉందో చూపాలి. పంచాయతీ అయిన తేదీని ప్రభుత్వ ఉత్తర్వు ఆధారంతో ఇవ్వాలి. సొంత జనాభా అంకె దొరకకపోతే ఆ గడిని ఖాళీగా ఉంచాలేగాని అంచనా వేసి నింపకూడదు. ఖాళీ గడి తరవాతివారికి పని చూపిస్తుంది. తప్పు అంకె ఆ పనిని దాచేస్తుంది.

7.7 సారాంశం

లక్ష్మణరావు విజ్ఞాన సర్వస్వం, ప్రతాపరెడ్డి కవుల సంచిక ఉమ్మడి నమోదుకు మన ప్రాంతంలో తొలి పాఠాలు. వికీడేటా వంటి జ్ఞాననిధి ఆ పనిని క్రమం, కాలం అనే అడ్డంకులు లేకుండా సాగించే సాధనం. గుర్తింపు, వివరం, ఆధారం, కాలం అనే నాలుగు అంగాలుంటేనే నమోదు పూర్తవుతుంది. పాతదాన్ని చెరపకుండా తేదీలతో నిలపడం, ఆధారం చెప్పినంతే రాయడం, తెలియని గడిని ఖాళీగా వదలడం ఇందులో పాటించవలసిన నియమాలు. సాధనం మారినా ప్రతాపరెడ్డి పిలుపులోని అర్థం మారలేదు: ఉన్నవారు తమ వివరాలు చెప్పకపోతే, లేరనే మాటే చరిత్రగా మిగులుతుంది.

7.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తెలుగునాట ఉమ్మడి జ్ఞాన సేకరణ ప్రయత్నాలను ముద్రణ యుగం నుంచి నేటివరకు వివరించండి.
2. జిల్లాల పునర్వ్యవస్థీకరణ చారిత్రక సమాచార నమోదుకు తెచ్చిన సమస్యలను, వాటి పరిష్కారాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గోలకొండ కవుల సంచిక
2. చందుపట్ల శాసనం – ఆధార భేదం
3. రెవెన్యూ గ్రామానికీ ఆవాసానికీ తేడా

III. అభ్యాసం
మీ ఊరికి లేదా మీ తండాకు పాత పేర్లు, అది చేరి ఉన్న తాలూకా, మండలం, జిల్లాలను తేదీలతో ఒక పట్టికగా రాయండి. ప్రతి వివరానికీ ఎదురుగా దాని ఆధారం చూపండి. ఊరి పెద్దలు చెప్పిన వివరమైతే ఆ సంగతినే రాయండి. ఆధారం దొరకని గడులను ఖాళీగా ఉంచి, సంపర్క తరగతికి తీసుకొనిరండి.