అవ్వ కథ, చచ్చిపోయిన యాప్: తోలుబొమ్మ నుంచి టచ్ స్క్రీన్ దాకా

ఈ ఎపిసోడ్ ఒక్క అక్షరంతో మొదలుపెడతా. ఆ అక్షరం పేరు "జ్ఞా". జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం.

2018 ఫిబ్రవరి. నేను అప్పుడు బీటెక్, హాస్టల్లో ఉండేవాణ్ణి. అప్పట్లో ఐఫోన్లలో ఒక బగ్ బయటపడింది. ఈ అక్షరాన్ని ఒక రకంగా కోడ్ చేసి మెసేజ్‌లో పంపిస్తే చాలు, ఆ మెసేజ్ చూపించాల్సిన యాప్ క్రాష్ అయిపోతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ క్రాష్. మా క్లాసులో ఐఫోన్ ఉన్నది ఒక్కడికే. ఇంక చెప్పాలా, అందరం కలిసి వాడికి "జ్ఞానం" పంపించాం. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వచ్చి అది సరైపోయింది. మావాడు మాత్రం ఇంకో వారం మాతో మాట్లాడలేదు.

అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే వేరేగా అనిపిస్తుంది. ప్రపంచంలో ఖరీదైన ఫోన్ ఒకటి, ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషలోని ఒక్క అక్షరాన్ని మొయ్యలేక కింద పడింది. అది నాకు తర్వాత బాగా అర్థమైంది, ఎందుకంటే తర్వాత నేనే పిల్లల కోసం తెలుగులో ఒక కథల యాప్ చేశాను. ఒక్కణ్ణే, ఆఫీసు అయిపోయాక రాత్రిళ్లు కూర్చొని. ఆ యాప్ ఇప్పుడు లేదు. అదెట్లా పుట్టింది, ఎట్లా పోయింది, అసలు మన దగ్గర "ముట్టుకుంటే కదిలే కథ" అనేది ఎప్పట్నుంచి ఉంది, ఇదే ఈరోజు కథ.

మాది గోరంట్ల. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా అనంతపురం జిల్లా. ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. శెనక్కాయ పంట, అప్పులు, బెంగుళూరు బస్సు, ఇదీ మా దగ్గర సగం ఇళ్ల చరిత్ర. నేనూ ఆ బస్సెక్కినవాణ్ణే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

మా అక్క కూతురికి అప్పుడు నాలుగేళ్లు. ఫోన్ ఇస్తే గానీ అన్నం తినదు. ఇంగ్లీష్ రైమ్స్ అన్నీ వచ్చు, మా అవ్వ చెప్పే కథ ఒక్కటీ తెలీదు. మా అవ్వ దగ్గర ఒక కథ ఉంది. ఒక నక్క రాత్రిపూట శెనక్కాయ చేన్లో పడి తినేది, దాన్ని ఒక ముసలామె ఎట్లా పట్టుకుందనేది. నేను ఫోన్లో అవ్వ గొంతు రికార్డు చేసినా. బొమ్మలు గీసినా. పాప వేలితో చెట్టు పట్టి లాగితే శెనక్కాయలు వేలాడుతూ పైకొస్తాయి, నక్కని ముట్టుకుంటే పొద చాటుకి పరిగెడుతుంది. చూడ్డానికి చిన్న పని. నాకు ఏడు నెలలు పట్టింది.

ఎందుకంటే అక్షరాలు. నేను వాడిన గేమ్ ఇంజిన్‌కి తెలుగు ఒత్తులు రావు. "లక్ష్మి" అని రాస్తే క, ష, మ దేనికది విడిపోయి, మధ్యలో పొల్లులు వేలాడుతూ కనిపించేది. ఇంగ్లీషులో ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పెడితే పని అయిపోతుంది. మనకి అట్లా కాదు, ఒత్తు కిందికి పోవాలి, గుడి పైకి పోవాలి, తలకట్టు చెరిగిపోవాలి. దీన్ని షేపింగ్ అంటారు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ చోటు దొరకడం వేరు, తెర మీద సరిగ్గా కనపడడం వేరు. చివరికి నేను ప్రతి మాటనీ ఒక బొమ్మగా మార్చి అతికించినా. అంటే నా కథలో ఉన్నది తెలుగు కాదు, తెలుగు ఫోటోలు! వెతకడానికి రాదు, కాపీ చెయ్యడానికి రాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

సరే, ఇప్పుడు వెనక్కి పోదాం. ఒక్క మనిషి కూర్చొని పిల్లల కోసం ఇంటరాక్టివ్ కథ చెయ్యడం ఎప్పుడు మొదలైంది?

కంప్యూటర్లో అయితే 1987. ఆ ఏడాది ఆపిల్ కంపెనీ హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌ని మ్యాక్ కంప్యూటర్లతో ఉచితంగా ఇచ్చింది. కార్డులు పేర్చుకున్నట్టు తెరలు పేర్చి, దేని మీద నొక్కితే ఎక్కడికి పోవాలో మామూలు మనుషులే చెప్పుకోవచ్చు. అదే ఏడాది అమాండా గుడ్‌ఎనఫ్ అనే ఆవిడ "ఇనిగో గెట్స్ అవుట్" అని ఒక పిల్లి కథ చేసింది. పిల్లి ఇంట్లోంచి బయటపడుతుంది, నొక్కిన కొద్దీ కథ నడుస్తుంది. మరుసటి ఏడాది, 1988లో, రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు "ద మ్యాన్‌హోల్" చేశారు. మొదట అది పిల్లల పుస్తకంగానే మొదలైంది. మూత మీద నొక్కితే లోపల్నుంచి ఒక తీగ మొలిచి ఆకాశానికి పోతుంది. అందులో గెలవడం, ఓడిపోవడం లేవు. తిరగడమే. ఇదే అన్నదమ్ములు తర్వాత 1993లో "మిస్ట్" అనే పెద్ద గేమ్ చేశారు.

2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ వచ్చింది. వచ్చిన నెలలోనే "ఆలిస్ ఫర్ ది ఐప్యాడ్" వచ్చింది. చేసింది ఇద్దరు, క్రిస్ స్టీవెన్స్, బెన్ రాబర్ట్స్. బొమ్మలు మాత్రం 1865లో జాన్ టెనియల్ గీసినవి. కాపీరైట్ గడువు ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. పాత బొమ్మల్ని కత్తిరించి, తెరని వంచితే కిందికి జారేట్టు చేశారు. ప్రపంచమంతా చూసింది.

ఇప్పుడు ట్విస్ట్. హైపర్‌కార్డ్ అమ్మకాలు 2004లో ఆగిపోయాయి. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు పాత 32-బిట్ యాప్‌లన్నీ కొత్త ఫోన్లలో తెరుచుకోవడం మానేశాయి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి సపోర్ట్ అయిపోయింది, దాంతో చేసిన పిల్లల ఆటలు, కథలు ఎన్నో వెబ్‌సైట్లలో మూగబోయాయి. అంటే 1865 నాటి బొమ్మ ఇంకా బతికే ఉంది. దాన్ని కదిలించిన కోడ్‌కి మాత్రం పదేళ్లు బతకడం కూడా కష్టమే.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా ఊరి వైపు ఆట ఒకటి గుర్తొచ్చింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక పల్లె ఉంది. తోలుబొమ్మలాట ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రా తోలుబొమ్మలకి జీఐ గుర్తింపు కూడా ఉంది.

ఇంజినీరు కళ్లతో చూడండి ఒకసారి. మేక తోలుని శుభ్రం చేసి, పల్చగా చేసి, వెలుతురు అవతలికి కనిపించేట్టు తయారుచేస్తారు. ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు, నగలు మెరిసేది ఆ రంధ్రాల్లోంచే. తల, చేతులు, కాళ్లు వేరేవేరేగా కోసి దారంతో కీళ్లు కడతారు. రావణుడి బొమ్మ మనిషంత ఉంటుంది. తెల్ల పంచె తెర, వెనక దీపం. తెర, బ్యాక్‌లైట్, విడివిడి భాగాలతో యానిమేషన్. కింద చెక్కలు తొక్కితే యుద్ధం సౌండు. అన్నీ ఉన్నాయి.

ఇంటరాక్టివ్ కూడానా? ఉంది. నేను చిన్నప్పుడు ఒకసారి చూసినా. రాముడు, రావణుడు పద్యాల్లో మాట్లాడతారు. మధ్యలో కేతిగాడు, బంగారక్క వస్తారు. వాళ్లకి పద్యాలు లేవు, మా ఊరి మాటే. ఆ రాత్రి కేతిగాడు తెర మీద నుంచే ముందు వరసలో కూర్చున్న మమ్మల్ని "ఏం రా పిల్లోల్లారా, నిద్ర పోతాండారా?" అని అడిగినాడు. మేము "లేదూ" అని అరిచినాం. మేము ఎంత గట్టిగా అరిస్తే వాడు అంత ఎక్కువ మాట్లాడినాడు. మా ఊర్లో ఎండిపోయిన బోరు గురించి కూడా చెప్పినాడు. రామాయణంలో మా బోరు! అది రాత్రికి రాత్రి వచ్చిన అప్‌డేట్.

వానలు పడకపోతే విరాటపర్వం ఆడించడం, చదివించడం మనవైపు పాత నమ్మకం. అంటే కరువు వచ్చినప్పుడు ఊరు కథని పిలిచేది. కళాకారుడికి డబ్బులిచ్చేది కూడా ఊరే, పంట వస్తే ధాన్యం, రాకపోతే కష్టం. వాళ్లూ మనలాంటి ఇండిపెండెంట్ క్రియేటర్లే, రిస్క్ అంతా వాళ్లదే. సినిమా, టీవీ వచ్చాక ఆటలు తగ్గాయి. అప్పుడు అదే తోలు, అదే రంగు, అదే ఉలితో దీపాల మీద పెట్టే షేడ్లు, గోడకి తగిలించే బొమ్మలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆముదం దీపం పోయి బల్బు వచ్చింది. జింక తోలు పోయి మేక తోలు వచ్చింది. హార్డ్‌వేర్ మారింది, కథ ఉంది. ఎందుకంటే కథ తోలులో లేదు, మనిషి నోట్లో ఉంది.

ఇంకో జంట గురించి చెప్పాలి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనేవాళ్లు. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపారు. పిల్లలు వినడమే కాదు, పాడేవాళ్లు, నాటకాలు వేసేవాళ్లు. 1945లో వీళ్లు "బాల" అనే పత్రిక పెట్టారు. తర్వాత 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల "చందమామ" వచ్చింది. బేతాళ కథ గుర్తుందా? ప్రతిసారీ చివర్లో ఒక చిక్కు ప్రశ్న. విక్రమార్కుడు జవాబు చెప్పే లోపల మనమే మనసులో చెప్పేసుకుంటాం. ఒక్క బటన్ లేదు, అయినా ఇంటరాక్టివ్. "చందమామ" కూడా చివరికి ఆగిపోయింది, కానీ పాత సంచికలు ఎవరి ఇంట్లోనో అటక మీద ఉంటే ఇప్పటికీ తెరిచి చదవచ్చు. కాగితానికి కొత్త వెర్షన్ అక్కర్లేదు.

ఇంక నా యాప్ సంగతి. 49 రూపాయలు పెట్టినా, వంద మంది కూడా కొనలేదు. పిల్లల యాప్‌లో అసలు చిక్కు అదే. వాడేది పాప, డబ్బులిచ్చేది అమ్మానాన్న. వాళ్లకి పక్కనే ఉచిత వీడియోలు వందలు కనిపిస్తుంటే కథకి డబ్బులెందుకు ఇస్తారు? యాడ్స్ పెట్టడానికి నాకు మనసు రాలేదు. ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చి, పిల్లలకి తప్పు తెలుగు నేర్పిస్తున్నారని రాసినాడు. అవ్వ "యాడికి పోతాండావే నక్కా" అంటుంది కదా, అది ఆయన దృష్టిలో తప్పు. నిజం చెప్తున్నా, ఆ రోజు అవ్వ గొంతు తీసేసి "మంచి తెలుగు"లో మళ్లీ రికార్డు చేద్దామనుకున్నా. కేతిగాడు గుర్తొచ్చి ఆగిపోయినా.

తర్వాత యాప్ స్టోర్ నుంచి మెయిల్ వచ్చింది. కొత్త వెర్షన్‌కి తగ్గట్టు అప్‌డేట్ చెయ్యకపోతే కొత్త ఫోన్లలో కనిపించదు అని. ఆఫీసులో రిలీజ్ టైమ్, చూసుకోలేదు. తీరా చూసుకునేసరికి నా పాత ప్రాజెక్టు కొత్త ఇంజిన్‌లో తెరుచుకోవట్లేదు. ఒరిజినల్ రికార్డింగులు ఉన్న ల్యాప్‌టాప్ అప్పటికే పోయింది. ఒకరోజు మా అక్క కూతురు ఫోన్ చేసి, "మామా, కొత్త ఫోన్లో అవ్వ కథ లేదే" అనింది. నా దగ్గర జవాబు లేదు.

అక్క పాత ఫోన్ బీరువాలో ఉంది, బ్యాటరీ ఉబ్బిపోయి. కొత్త బ్యాటరీ వేయించి, దాంట్లోంచి ఏపీకే ఫైలు బయటికి తీసినా. ఏపీకే అంటే నిజానికి ఒక జిప్ ఫైలే. విప్పడానికి రెండు రాత్రులు పట్టింది, కానీ అవ్వ గొంతు దొరికింది. బొమ్మలూ దొరికాయి. కథ మాటలు మాత్రం దొరకలేదు, ఎందుకంటే అవి ఫోటోలు కదా! మళ్లీ మొదట్నుంచీ యూనికోడ్‌లో టైపు చేసినా.

ఈసారి యాప్ చెయ్యలేదు. మాటలు వేరే ఫైలు, బొమ్మలు వేరే, గొంతు వేరే. ఎవరైనా తీసుకొని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పేరు చెప్తే చాలు అని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెట్టినా. ఈ దారి కొత్తది కాదు. బెంగుళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ ఇట్లానే నడుస్తోంది, అందులో తెలుగు కథలు కూడా ఉన్నాయి, ఉచితంగా. నా లెక్క ఏంటంటే, యాప్ దీపం లాంటిది, మారుతుంది. బొమ్మ, మాట, గొంతు మన దగ్గర విడిగా ఉంటే ఎప్పుడైనా కొత్త దీపం పెట్టుకోవచ్చు. మీలో ఎవరైనా ఇట్లాంటివి చేస్తుంటే, కోడ్ కంటే ముందు వీటికి రెండు బ్యాకప్‌లు పెట్టుకోండి. నాలాగా ఉబ్బిన బ్యాటరీ మీద ఆధారపడొద్దు.

పోయిన పండక్కి గోరంట్లకి పోయి, దొరికిన రికార్డింగు అవ్వకి వినిపించినా. పక్కన మా అక్క కూతురు, ఇప్పుడు తొమ్మిదేళ్లు. అవ్వ మొత్తం వినింది. విని, "థూ, ఈడ తప్పు చెప్పినా. నక్క పొద చాటుకి పోలేదు, బావిలో పడింది" అనింది. పాప వెంటనే, "బావిలో నీళ్లు ఉన్నాయా అవ్వా?" అని అడిగింది. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, "మన ఊర్లో బావిలో నీళ్లు యాడుంటాయే, అందుకే బతికింది" అనింది.

నేను ఫోన్ తీసి రికార్డింగ్ ఆన్ చేసినా. ఇది వెర్షన్ రెండు. మీ ఇంట్లో కూడా ఇట్లా కథ చెప్పేవాళ్లు ఉంటే, ఈ ఆదివారం ఆ పని చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, జాగ్రత్త.