పులికాట్ ఛాయాచిత్రాలలో సరస్సు: మాన్యువల్ ఫోకస్ కటకాలు – చారిత్రక ఆధారాలు

ఉపోద్ఘాతం

తిరుపతి జిల్లా సూళ్లూరుపేట, తడ ప్రాంతాలను ఆనుకొని విస్తరించిన ఉప్పునీటి సరస్సు పులికాట్. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. పులికాట్, దానికి సమీపంలోని నేలపట్టు 1976లో పక్షి సంరక్షణ కేంద్రాలయ్యాయి. సరస్సు పర్యావరణ చరిత్రను రాసేవారికి లిఖితాధారాలతో పాటు ఛాయాచిత్రాలూ అవసరమవుతాయి. అయితే ఛాయాచిత్రాన్ని ఆధారంగా స్వీకరించేటప్పుడు ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అన్న ప్రశ్నలతో సరిపెట్టుకోవడమే ఎక్కువ. ఏ కటకంతో తీశారు అన్న ప్రశ్న సాధారణంగా పరిశోధకుల దృష్టికి రాదు. చేతితో ఫోకస్ చేసే పాత కటకాల పరిమితులు సరస్సు చిత్రంలో దేనిని నిలిపాయి, దేనిని విడిచాయి అన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కదలనివి, కదిలేవి

తెలుగునేలకు సంబంధించిన తొలినాటి ఛాయాచిత్రాలలో ముఖ్యమైనవి అమరావతి శిల్పాలవి. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లిన్నేయస్ ట్రైప్ 1858లో మద్రాసు మ్యూజియంలో వాటిని చిత్రించాడు. రాయి కదలదు, ఆనాటి పరికరాలు కోరిన ఓర్పును అది ఇవ్వగలదు. పక్షి ఇవ్వదు. ఈ తేడా ఇరవయ్యో శతాబ్దపు చిన్న కెమెరాలు వచ్చాక తగ్గిందే కాని తొలగిపోలేదు.

1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వంటి 35 మిల్లీమీటర్ల కెమెరాల కటకాలపై రెండు వలయాలుంటాయి. ఒకటి తిప్పితే కటకం మర వెంట ముందుకు, వెనుకకు జరిగి ఫోకస్ కుదురుతుంది. రెండవది కాంతి ప్రవేశించే ద్వారాన్ని పెంచి తగ్గిస్తుంది. దూరాన్ని అడుగులలో, మీటర్లలో చెప్పే అంకెలు గొట్టం మీదే చెక్కి ఉంటాయి. ఎగిరే పక్షిని వెంబడిస్తూ వలయం తిప్పడం సాధన చేసినవారికే సాధ్యం. అందువల్ల అనుభవజ్ఞులు దూరాన్ని ముందే అంచనా వేసి, ఫోకస్ అక్కడ నిలిపి, పక్షి ఆ మేరకు వచ్చేవరకు వేచి ఉండేవారు.

ఈ పద్ధతి ఫలితాన్ని లెక్కతో చూడవచ్చు. 40 మీటర్ల దూరంలో రాజహంసల గుంపు ఉన్నదనుకుందాం. రాజహంస అని ఇక్కడ పిలిచేది ఫ్లెమింగోనే, కావ్యాల హంసను కాదు. 400 మిల్లీమీటర్ల కటకంలో, 5.6 ద్వారం వద్ద, స్పష్టంగా వచ్చే లోతు దాదాపు మూడున్నర మీటర్లు. చిత్రపు వెడల్పులో పట్టేది కూడా సుమారు మూడున్నర మీటర్ల మేరే. అదే చోట 135 మిల్లీమీటర్ల కటకం వాడితే సుమారు 29 మీటర్ల నుండి 63 మీటర్ల వరకు అంతా స్పష్టం. వెడల్పు దాదాపు 11 మీటర్లు. అయితే 1.2 మీటర్ల ఎత్తున్న పక్షి ఫిల్ముపై 4 మిల్లీమీటర్లకు మించదు. అంటే పొడవైన, ఖరీదైన కటకం లేని ఛాయాచిత్రకారునికి పక్షి చిన్నదై దక్కింది. దాని చుట్టూ నీటిమట్టం, బురద అంచు, పడవ, వల, గట్టుమీది చెట్టు మిగిలాయి. అతడు లోపంగా భావించి ఉండగల ఆ చిన్నతనమే నేటి చరిత్రకారునికి లాభం.

నేలపట్టు, పులికాట్

ఈ రెండు చోట్లు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా కటకం ముందు ఒకటి కావు. నేలపట్టు చెరువులో, నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. గూటికి దూరం మారదు, పక్షి తిరిగి అక్కడికే వస్తుంది. ఒకసారి కుదిరిన ఫోకస్ రోజంతా పనికివస్తుంది. పులికాట్‌లో రాజహంసలు మేతకు వచ్చేది తెరిపి నీటిలోకి. చాటు లేదు, దగ్గరకు పోతే లేచిపోతాయి. మధ్యాహ్నానికి వేడిగాలి పొరలు అదిరి దూరపు దృశ్యం చెదురుతుంది. కాబట్టి చేతి ఫోకస్ కాలంలో గూటి చిత్రం సులభం, మేత చిత్రం దుర్లభం. ఒక సంకలనంలో గూడబాతులు ఎక్కువగా, రాజహంసలు తక్కువగా కనిపిస్తే దానిని పక్షుల సంఖ్యకు సూచికగా తీసుకోవడం తొందరపాటు.

ఈ పరిమితులతో జీవితాంతం పనిచేసిన వ్యక్తి ఎం. కృష్ణన్ (1912–1996). తమిళ నవలాకారుడు ఎ. మాధవయ్య కుమారుడైన ఆయన 1940లలో సండూరు సంస్థానంలో ఉద్యోగం చేసి, తరువాత మద్రాసులో స్థిరపడ్డారు. ‘స్టేట్స్‌మన్’ పత్రికలో 1950 నుండి మరణించేవరకు ప్రకృతి శీర్షిక నడిపారు. నలుపు–తెలుపులోనే చిత్రించారు. వేర్వేరు పరికరాల భాగాలు కూర్చి తానే చేసుకున్న కెమెరాకు ‘సూపర్ పాండెరోసా’ అని వేళాకోళంగా పేరు పెట్టుకున్నారు. రాతను, చిత్రాన్ని ఆయన జంటగా నడపడం గమనించదగినది: చిత్రం చెప్పలేని దూరాన్ని, వేళను, నడవడిని వాక్యం చెప్పింది.

పాత కటకం, కొత్త కెమెరా

1985లో మినోల్టా 7000 రాకతో ఆటోఫోకస్ ప్రాచుర్యం పొందింది. పక్షి పెద్దదైంది, సరస్సు వెనుక రంగుపూతగా మారింది. 2008 తరువాత అద్దం లేని డిజిటల్ కెమెరాలు వచ్చి పాత కటకాలకు మళ్లీ పని కల్పించాయి. ఎం42 మర కటకానికి ఫిల్ము నుండి 45.46 మిల్లీమీటర్ల దూరం కావాలి. సోనీ ఇ కెమెరాలో ఆ దూరం 18 మాత్రమే గనుక మిగిలిన మేరను ఒక గొట్టం పూరిస్తుంది. సోవియట్ హీలియోస్ 44–2 వంటి 58 మిల్లీమీటర్ల కటకాన్ని నేడు కోరుకొనేది ప్రధానంగా దాని నేపథ్యం సుడి తిరిగినట్లు కరిగిపోతుందని. అందం కాదనలేనిది. కాని అలా కరిగేది గట్టు, వల, నీటి అంచు. కంటికి ఇంపైన చిత్రం ఆధారంగా పనికిరాకపోవడం పరిశోధకులకు కొత్త కాదు. అదే కటకాన్ని 8 లేదా 11 ద్వారం వద్ద ఉంచితే 40 మీటర్ల దూరాన పాతిక మీటర్ల వెడల్పు సరస్సును అది నమ్మకంగా నమోదు చేస్తుంది.

తీరపు తేమ వల్ల ఈ గాజుకు బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. బూజు ముదిరితే పైపూతను తినివేస్తుంది, చిత్రంలో తెల్లని మసక కమ్ముతుంది. అట్టి మసకను సరస్సుపై మంచుగా పొరబడే అవకాశం ఉంది. అంతకంటె ముఖ్యమైన చిక్కు మరొకటి. పాత కటకానికి విద్యుత్ సంబంధం ఉండదు. కెమెరా తేదీని, షట్టరు వేగాన్ని రాసుకొంటుంది కాని ద్వారం ఎంతో దానికి తెలియదు. చేతితో నమోదు చేయనిదే కటకం ఏదో కూడా తెలియదు. వేనాడు గట్టున గాని, శ్రీహరికోట దారిలో గాని నేడు అలా తీస్తున్న చిత్రానికి ఆ వివరాలు ఉండాలంటే తీసినవారు వాటిని కాగితం మీద రాసి పెట్టవలసిందే.